రెండు గీతల తల్లి

"చచ్చింది అక్కా. చచ్చినదానికి ఇంకా విచారణ ఏమిటి?" అన్నాడు తీర్పు.

అప్పటికి టైము తొమ్మిది యాభై. నేనింకా గుమ్మం దాటలేదు, భుజాన ఉన్న సంచీ దించలేదు. ఆయనగారు గుమ్మానికి అడ్డంగా నిలబడి తన కొత్త బూట్లు నాకు బాగా కనబడేట్టు పెట్టాడు.

తీర్పు అతని అసలు పేరు కాదు. పోలీసు ఉద్యోగంలో నా కింద ఆరేళ్ళు పనిచేశాడు. విచారణ మొదలవకముందే తీర్పు చెప్పేస్తాడని మేమంతా కలిసి పెట్టిన పేరు. నేను రిటైరయ్యాక సొంతంగా డిటెక్టివ్ పని చేసుకుంటున్నాను. అతను ఉద్యోగం వదిలేసి పెద్ద ఏజెన్సీలో చేరాడు. ఈ పరిశోధన కేంద్రాన్ని నడిపే కమిటీ తరఫున తనిఖీకి వచ్చింది అతను. డాక్టరమ్మ ఫోన్ చేస్తే పరిగెత్తుకొచ్చింది నేను.

"ఎప్పుడు చచ్చింది?" అన్నాను.

"ఏడూ ఇరవైకి చూశాను. అప్పటికే పోయింది."

"నువ్వు చూసిన టైము అడగలేదు తమ్ముడూ. అది చచ్చిన టైము అడిగాను."

"అదెవరికి తెలుసు? తొట్టిలో అడ్డుపలక సరిగ్గా పడలేదు. పక్క అరలోది దూరి తినేసింది. మిగిలిన డిప్పని నేనే సంచిలో వేసి సీలు కొట్టాను. డాక్టరమ్మ చేసిన ఏర్పాటు కాబట్టి నిర్లక్ష్యం డాక్టరమ్మదే. తల్లి రాతిరొయ్య పోయింది గనక వీటిని పెంచే కార్యక్రమం బంద్. మిగిలినవాటిని మధ్యాహ్నం మూడింటికి వాగులో వదిలేయమని కమిటీ ఆర్డరు. సంతకాలు కూడా అయిపోయాయి."

ఇదీ వరస. ఉరుము లేదు, మెరుపు లేదు, పిడుగు మాత్రం మా డాక్టరమ్మ నెత్తిన.

మా డాక్టరమ్మ అని ఊరికే అనలేదు. ఏడేళ్ళ కిందట మా తమ్ముడి గోనెసంచి మీద రక్తపు మరక ఉందని హత్య కేసు పెట్టారు. మనిషి రక్తమే అని రాసేశారు. నేను పోలీసునై ఉండి కూడా ఏమీ చేయలేకపోయాను. ఈవిడ నీళ్ళలో ప్రాణుల జన్యువులు చూసుకునే మనిషి, మాకు చుట్టమూ కాదు, పక్కమూ కాదు. ఎవరో చెప్తే విని, సెలవు పెట్టి, ఆ మరకని తనే పరీక్ష చేసి, అది చేప రక్తమని కోర్టులో నిలబడి చెప్పింది. పంతొమ్మిది నెలల తరవాత మా వాడు ఇంటికొచ్చాడు. నేను చేతులు పట్టుకుని ఏడిస్తే, "దానికేముందండీ, చేపని చేప అన్నాను, అంతే" అంది. ఈరోజుకీ మా వాడు పొద్దున్నే కిటికీ దగ్గర కూర్చుని పేపరు చదువుతుంటే నాకు ఆ మాటే గుర్తొస్తుంది. అలాంటి మనిషికి కష్టం వస్తే నేను గుమ్మంలో బూట్లు చూస్తూ నిలబడతానా?

"కాస్త జరుగు తమ్ముడూ," అని లోపలికి వెళ్ళిపోయాను.

డాక్టరమ్మ తన గదిలో కుర్చీలో ఉంది. కుడికాలికి మోకాలిదాకా కట్టు. కేంద్రం మెట్ల మీద జారిపడి పన్నెండు రోజులు ఆస్పత్రిలో ఉండి, ఈ పొద్దున ఏడూ నలభైకే నేరుగా ఇక్కడికి వచ్చింది. వచ్చేసరికి తొట్ల గదికి తాళం, తాళం ముందు తీర్పు.

"నాకు చూపించనైనా లేదండీ. ఫోటో చూపించాడు," అంది.

"నాకు మొదట్నించీ చెప్పండి. నేను ఆరో తరగతి పిల్లననుకుని చెప్పండి."

చెప్పింది. వీటిని బయట క్రేఫిష్ అంటారు. ఇక్కడి పనివాళ్ళు రాతిరొయ్య అంటారు. రొయ్యకి అన్న, ఎండ్రకాయకి తమ్ముడు. ఈ వాగులో తప్ప ఎక్కడా లేదు. వాగులో కూడా వేళ్ళ మీద లెక్కపెట్టేటన్నే మిగిలాయి. తొట్ల గదిలో ఉన్నవి ముప్ఫై ఎనిమిది. కాలి కొస గోరంత కత్తిరించి జన్యువులు చూస్తే, అందులో ముప్ఫై ఏడూ ఒక్క జంట సంతానమని తేలింది.

"అన్నాచెల్లెళ్ళకి పెళ్ళి చేసినట్టే అవుతుంది. మూడు తరాలకి గుడ్లు పొదగడం ఆగిపోతుంది. పదిహేడో నంబరు ఒక్కటే వేరే వంశం. పెద్దాయన వాగు పైన బండ కింద పట్టుకొచ్చాడు. ఇప్పుడు దాని తోక కింద అరవై మూడు గుడ్లున్నాయి. ఉండేవి."

పెద్దాయన అంటే తొట్లు కడిగే మనిషి. ఇరవై రెండేళ్ళుగా ఇక్కడే. పొద్దున డిప్పని మొదట చూసి తీర్పుకి చెప్పింది ఆయనే. వాంగ్మూలం రెండు లైన్లు రాయించుకుని ఏడున్నరకి పంపేశాడట.

"నంబర్లు ఎలా వేస్తారు?"

"వీపు మీద రంగుతో. కానీ ఇవి పాములాగా కుబుసం విడుస్తాయి కదండీ, కుబుసంతో పాటే నంబరూ పోతుంది. అందుకని విడిచిన ప్రతిసారీ కొత్త వీపు మీద అదే నంబరు వేసి, తోక మొదట్లో చిన్న గీత ఒకటి ఎక్కువ పెడతాం. ఎన్ని గీతలుంటే అన్ని కుబుసాలు విడిచినట్టు. విడిచిన కుబుసాలన్నీ పెట్టెల్లో దాచుతాం. ఇది నేను పెట్టిన అలవాటు, బయటివాళ్ళెవరికీ తెలియదు."

"పదిహేడుకి ఎన్ని గీతలు?"

"రెండు."

ఇంతలో ఆవిడే నా చెయ్యి పట్టుకుంది. "నా సహాయకుడు చిన్నడాక్టరు కొత్తవి పన్నెండు తెచ్చాడట. నేను ఆస్పత్రిలో ఉన్నప్పుడు. మన జాతే అంటున్నాడు. వేరే గదిలో పెట్టాననే నాకు చెప్పాడు. ఈరోజు తలుపు అద్దంలోంచి చూస్తే అదే గదిలో, కింది వరసలో ఉన్నాయి. వాటి కాలి కొస ఒకటి, ఆ తొట్టి నీళ్ళు సీసాడు తెచ్చి పెట్టండి. మూడు గంటల్లో చెప్తాను అవేమిటో. నన్ను ఆ గదిలోకి రానివ్వడం లేదు."

తీర్పు దగ్గరికి వెళ్ళాను. లోపల ఏదీ ముట్టుకోవద్దన్నాడు.

"ఆర్డరు చదువు తమ్ముడూ. డాక్టరమ్మ వెళ్ళకూడదని ఉందా, నేను వెళ్ళకూడదని ఉందా?"

చదివాడు. రెండుసార్లు చదివాడు. అతనిలో నాకు నచ్చే గుణం ఒకటుంటే ఇదే, కాగితం మీద లేనిది చచ్చినా చెయ్యడు. తాళం తీశాడు.

తొట్ల గది చల్లగా ఉంది. మూడు వరసల తొట్లు, ఒక్కో తొట్టికి అడ్డుపలకలు. పై వరసకి ఊట నీళ్ళు విడిగా ఒక గొట్టంలో వస్తున్నాయి. కింది రెండు వరసలకి ఒకటే నీళ్ళు తిరుగుతున్నాయి. పదిహేడో నంబరు అర పై వరస చివర. అడ్డుపలక నిజంగానే రెండు వేళ్ళ ఎత్తు లేచి ఉంది. ఆ పలక గాడిలో ఎంత బిగువుగా ఉందంటే, నేను రెండు చేతులా లాగితే గానీ కదల్లేదు. దానంతటది లేవడం కల్ల. ఎవరో పని గట్టుకుని లేపారు.

పటకారుతో కాలి కొస, సీసాలో నీళ్ళు తీసుకుని బయటికొస్తే డాక్టరమ్మ గుమ్మంలోనే నా చెప్పులు విప్పించి మందునీళ్ళలో ముంచింది, చేతులు కడిగించింది. వీటికి ఒక బూజు తెగులు ఉంటుందట. తడి ఉన్నంతసేపు చెప్పుకి కూడా అంటుకుని వెళ్తుందట. విదేశీ రకం రాతిరొయ్యలు దాన్ని మోస్తాయి, వాటికేమీ కాదు. మనవాటికి తగిలితే వాగు వాగంతా ఖాళీ. పది యాభైకి ఆవిడ జన్యువులు చూసే మెషిన్ ఆన్ చేసింది.

నేను తీర్పు బల్ల దగ్గరికి వెళ్ళి సీలు సంచి చూపించమన్నాను. విప్పకూడదన్నాడు. ప్లాస్టిక్ పైనుంచి చూడ్డానికి విప్పడం ఎందుకు? కిటికీ వెలుగులోకి ఎత్తి చూశాను. వీపు మీద పదిహేడు. తోక మొదట్లో గీత.

ఒక్కటే గీత.

"నువ్వు దీన్ని వాసన చూశావా?" అన్నాను.

"ఛీ."

"నీచు వాసన వచ్చిందా రాలేదా?"

ఆలోచించాడు. "రాలేదు."

"చచ్చిన నీటిప్రాణి నీచు కొట్టదా? లోపల వీసమెత్తు కండ లేదు. ఇది శవం కాదు తమ్ముడూ, పాత కుబుసం. ఒక గీతది. బతికున్నదానికి రెండు గీతలు. రెండు గీతల కుబుసం ఎక్కడా దొరకదు. వేసుకున్న చొక్కా పెట్టెలో ఎలా ఉంటుంది?"

నాకు లోపల ఎంత సంతోషం వచ్చిందంటే, అతని బూట్లని కూడా క్షమించేశాను. కానీ తీర్పు తీర్పే.

"రంగు గీత కదా, ఒకటి చెరిగిపోయి ఉంటుంది. కమిటీకి గీతలు చెప్తే వినరు అక్కా. ప్రాణంతో తెచ్చి చూపించు. మూడింటిలోపు."

ఈ మాట డాక్టరమ్మ చెవిలో వేశాను. ఆవిడ కళ్ళు మూసుకుని, "గుడ్లతో ఉన్న తల్లి కుబుసం విడవదు కూడానండీ. ఫోటోలో చూసి నాకు ఆ సంగతే తట్టలేదు," అంది. కంటతడితోనే నవ్వింది. పొద్దుట్నించీ మొదటిసారి.

పదకొండుంబావుకి చిన్నడాక్టరుని కూర్చోబెట్టాను. డాక్టరమ్మకి సహాయకుడు, ముప్ఫై దాటిన మనిషి, కళ్ళు వాచి ఉన్నాయి. కుబుసం సంగతి చెప్పలేదు.

"కొత్తవి ఎక్కడివి?"

"కొండ అవతల ఇంకో వాగులోవి మేడం. మన జాతే. నేనే పట్టాను. కొత్త రక్తం కావాలి కదా అని."

"వేరే గదిలో పెట్టాలి కదా?"

"అక్కడి పంపు పాడైంది. తొమ్మిది రోజులైంది ఇక్కడికి మార్చి."

"ఈ పొద్దున మీరెన్నింటికి వచ్చారు?"

"ఎనిమిదికి. అప్పటికే..." అని ఏడ్చాడు. దొంగ ఏడుపు నేను ముప్ఫై ఏళ్ళు చూశాను. ఇది దొంగ ఏడుపు కాదు. కన్నీళ్ళు తుడుచుకుని, "గుడ్లు? గుడ్లయినా మిగిలాయా మేడం?" అని అడిగాడు. ఇంకో రెండు మాటల తరవాత మళ్ళీ అదే అడిగాడు. పాపం అనుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

గేటు దగ్గర రాకపోకల రిజిస్టరు తెరిచాను. పెద్దాయన డ్యూటీ ఆరింటికి. ఈరోజు సంతకం ఎదురుగా అయిదూ అయిదు అని రాసి ఉంది. దొంగతనానికి వస్తూ కూడా నిజం టైమే రాసిన మనిషిని నా సర్వీసులో చూడలేదు. తాళాల బోర్డు చూశాను. కుబుసాల పెట్టె తాళం ఉంది గానీ తిరగేసి తగిలించి ఉంది. పై వరసకి నీళ్ళొచ్చే ఊట గది కొక్కెం ఖాళీ. ఫ్రిజ్‌లో ఎప్పుడూ ఉండే రెండు ఐసు సీసాల్లో ఒకటి లేదు. తడి నాచు ఉంచే బుట్టలో సగం నాచు లేదు.

రాతిరొయ్య నీళ్ళు లేకుండా కూడా తడి నాచులో చల్లగా ఉంటే రోజుల తరబడి బతుకుతుందట. ఇంకేం కావాలి?

ఊట గది కొండ మీద, యాభై నిమిషాల నడక. నా మోకాళ్ళు నన్ను తిడుతూనే ఎక్కాయి. పన్నెండు నలభై అయిదుకి తలుపు తట్టాను.

"దగ్గరికి రాకండమ్మా," అని లోపలినించి గొంతు. "నా చేతులకి ఏమైనా అంటి ఉందేమో. కడిగాను గానీ నమ్మకం లేదు."

తలుపు సందులోంచి చూశాను. పెద్దాయన గచ్చు మీద కూర్చుని ఉన్నాడు. రెండు చేతులూ మందునీళ్ళలో పదేపదే కడిగి తోలు లేచిపోయి ఎర్రగా ఉన్నాయి. పక్కన మూడు గిన్నెల స్టీలు క్యారేజీ, దాని మీద తడిగుడ్డ.

"నన్ను డాక్టరమ్మ పంపింది. పదిహేడు బతికే ఉందా?"

ఆయన అడుగు గిన్నె మూత తీశాడు. నాచులో నల్లగా, అరచెయ్యంత పొడుగు. మీసాలు కదిలాయి. తోక ముడుచుకుని దాని కింద గుడ్లన్నీ మిరియాల్లాగా. తోక మొదట్లో రెండు గీతలు. నేను దండం పెట్టేదాన్నే, చేతిలో కర్ర ఉండబట్టి ఊరుకున్నాను.

"ఊట నీళ్ళలో దించలేదమ్మా. ఎందుకైనా మంచిదని గిన్నెలోనే ఉంచా," అన్నాడు. "సోమవారం మధ్యాహ్నం కింది వరసలో నాలుగో నంబరు పట్టపగలు బయటికొచ్చి నడిచింది. ఇవి పగలు రావమ్మా, రాయి కిందే ఉంటాయి. అదీ మునివేళ్ళ మీద నడిచినట్టు కాళ్ళెత్తి నడిచింది. ఇరవై రెండేళ్ళలో నేను అలా చూడలేదు. చిన్నడాక్టరుకి చెప్తే, నువ్వు తొట్లు కడుక్కో అన్నాడు. ఆస్పత్రికి పోతే గుమ్మంలో ఆయనే ఉన్నాడు. ఆవిణ్ణి కంగారు పెట్టకు, నేను చెప్తాలే అని వెనక్కి పంపాడు."

"అందుకని మీరే తీసుకొచ్చేశారు."

"పై వరసకి నీళ్ళు వేరు. ఇది ఇంకా మంచిగానే ఉంది. పోయిందంటే వెతుకుతారని కుబుసం పెట్టాను. ముందు డాక్టరమ్మే వస్తుందనుకున్నా. ఆవిడ ఒక్క గీత చూస్తే చాలు, బతికుందని తెలుసుకుంటుంది. ఆ బూట్లాయన ముందొచ్చి సీలు కొడతాడని నాకేం తెలుసు?"

"ఉద్యోగం పోతుందని భయం వెయ్యలేదా?"

"వేసింది. కానీ ఆవిడ రాసిన పరిశోధన కాగితంలో నా పేరు వేసిందమ్మా. ఇది నేను పట్టినదని. తన పేరు పక్కన, తొట్లు కడిగేవాడి పేరు. అది చట్రం కట్టించి ఇంట్లో పెట్టుకున్నా. అంత చేసిన మనిషికి నేనీ మాత్రం చెయ్యొద్దా?"

కొండ దిగుతూ మా తమ్ముడి సంగతి చెప్పాను ఆయనకి. ఇద్దరమూ ఒకే మనిషికి బాకీ పడ్డవాళ్ళమని తేలాక నడక తేలికైంది.

ఒంటిగంట యాభైకి కేంద్రం చేరాం. డాక్టరమ్మ గిన్నెలోకి చూసి, పెద్దాయన చేతులు చూసి, ఆ తోలు లేచిన చేతులు తన రెండు చేతుల్లోకి తీసుకుంది. "మీకు నేనేం ఇవ్వగలను?" అంది. ఆయన సిగ్గుపడి గోడకేసి తిరిగాడు.

తీర్పు గది ఖాళీగా ఉంది. పెట్టెలన్నీ బండిలో ఎక్కించుకుని ఒకటిన్నరకే వాగుకి పోయాడు. ఫోన్ చేస్తే వాగు దగ్గర సిగ్నలు లేదు.

రెండూ అయిదుకి మెషిన్ ఆగింది. డాక్టరమ్మ తెర చూసి ఒక్క మాట అంది. "విదేశీ రకం. నీళ్ళలో తెగులుంది."

అంటే తీర్పు బండిలో ఉన్నది మందుపాతర. ఆ పన్నెండూ వాగులో పడితే ఈ తల్లికి తిరిగి వెళ్ళడానికి వాగే ఉండదు.

"నేను తల్లిని చూసుకుంటాను మేడం, ఐసు మారుస్తాను, మీరు వెళ్ళండి," అని చిన్నడాక్టరు చేతులు చాచాడు. కొత్తవి తెచ్చింది తనే కాబట్టి ప్రాయశ్చిత్తంలా బతిమాలుతున్నాడనుకున్నాను. ఆస్పత్రి గుమ్మంలో పెద్దాయన్ని వెనక్కి పంపిన సంగతి అప్పుడే నా బుర్రకి తట్టాల్సింది, తట్టలేదు. పెద్దాయన మూలకి వెళ్ళి క్యారేజీ సర్ది, ఒక గిన్నె తీసి ఆయన చేతికిచ్చాడు. "మూత తియ్యకండి సార్. చల్లదనం పోతుంది. గంటదాకా ముట్టుకోకండి," అన్నాడు.

డాక్టరమ్మని ఎత్తి కారులో కూర్చోబెట్టాం. బండి నేను నడిపాను, వెనక సీటులో పెద్దాయన. రెండూ నలభై ఒకటికి వాగు.

తీర్పు ఒడ్డున రాయి మీద కూర్చుని ఉన్నాడు. ప్యాంటు మడిచి, బూట్లు విప్పి పక్కన జాగ్రత్తగా పెట్టుకుని, చేతి గడియారం చూసుకుంటున్నాడు. పెట్టెలు నాలుగూ నీళ్ళకి పది అడుగుల దూరంలో అలాగే ఉన్నాయి.

"వదిలేశావా?" అని నేను అరిచిన అరుపుకి పిట్టలు లేచిపోయాయి.

"ఎలా వదుల్తాను? ఆర్డరులో మూడింటికి అని ఉంది. ఇంకా పంతొమ్మిది నిమిషాలుంది."

ఆరేళ్ళు నేను ఏ గుణాన్ని పట్టుకుని తిట్టానో ఆ గుణమే వాగుని కాపాడింది. "నా నెత్తిన పాలు పోశావయ్యా," అన్నాను. నిజంగానే అన్నాను, వెటకారం లేదు. "నీళ్ళలో కాలు పెట్టావా?"

"కొత్త బూట్లక్కా. తడుస్తాయని విప్పాను. చన్నీళ్ళంటే నాకు పడదు, ఇంకా దిగలేదు."

ఆ బూట్లు పొద్దున తొట్ల గదిలో తడిసినవే. వాటికి కూడా లోపల్లోపల థాంక్స్ చెప్పుకున్నాను.

డాక్టరమ్మ కారులోంచే కాగితం చూపించి చెప్పింది. తీర్పు మొహం పాలిపోయింది. వెంటనే పెట్టెల్లోవి లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. మనవి ముప్ఫై ఏడు, సరిపోయింది. కొత్తవాటి పెట్టె దగ్గర ఆగిపోయాడు. ఫోటో కోసం మూత తీశానన్నాడు. మళ్ళీ లెక్కపెట్టాడు.

"రసీదులో పన్నెండు. ఇక్కడ పదకొండు."

ఇవి నేల మీద నడుస్తాయి. నీళ్ళ వాసన పట్టి నడుస్తాయి. పది అడుగులు.

నలుగురం మోకాళ్ళ మీద పడ్డాం. నలుగురం అంటే డాక్టరమ్మ కూడా, కట్టు కాలు పక్కకి చాపి గడ్డిలో పాకింది. సూటు వేసుకున్న తీర్పు బురదలో బోర్లా పడి ఒక్కో రాయీ ఎత్తాడు. నీళ్ళ అంచు వెంబడి పెద్దాయన అంగుళం అంగుళం వెతికాడు. పన్నెండు నిమిషాలు. నాకు ఏడుపొస్తోంది.

"ఇవి చీకటి బొరియ వెతుక్కుంటాయమ్మా," అన్నాడు పెద్దాయన ఉన్నట్టుండి. లేచి నిలబడి, రాయి దగ్గరికి నడిచి, తీర్పుగారి ఎడమ బూటు పైకెత్తి అరచేతిలోకి వంచాడు.

జారి పడింది. గోళ్ళు రెండూ ఎత్తి అందరినీ బెదిరించింది.

తీర్పు కూలబడి పకపకా నవ్వాడు. నేనూ నవ్వాను. కొత్త బూట్లు కొనుక్కున్న మనిషికి మనసారా కృతజ్ఞతలు చెప్పాల్సి వస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు. నవ్వనిది డాక్టరమ్మ ఒక్కతే. పెద్దాయన్ని దగ్గరికి రమ్మని, ఆయన చేతిలో ఉన్నదాని వీపు చూస్తోంది.

"ఇక్కడ గీకారు," అంది. "వీపు మీద నంబరు ఉండేది. గీకేశారు."

తోక వైపు తిప్పింది. తోక మొదట్లో, మడతలో దాదాపు కనిపించకుండా, ఆకుపచ్చ రంగుతో మూడు చిన్న గీతలు.

వాగులో పట్టింది కాదు. ఎవరో తొట్టిలో పెంచి, మూడు కుబుసాలు విడిచేదాకా చూసి, నంబరు గీకి, పంపారు. నంబరు అందరూ వేస్తారు. గీతలు బయటివాళ్ళకి తెలియదు.

"ఈ గీతలు మీరెవరికి నేర్పారు?" అన్నాను.

"ఇద్దరికే." ఆవిడ పెద్దాయన వైపు చూసింది. రెండో పేరు చెప్పలేకపోయింది. "రెండుసార్లు ఆ గుడ్లు అడిగాడు. సొంతంగా పెంపకం పెడతానని. ఇవ్వనన్నాను."

ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. మన గది తెగులుతో తుడిచిపెట్టుకుపోవాలి, నింద డాక్టరమ్మ మీద పడాలి, దానికి ముందే తల్లి చిన్నడాక్టరు చేతికి చేరాలి. తీసుకుపోదామని ఈ పొద్దున వస్తే డిప్ప మిగిలిందన్నారు. అందుకే ఆ ఏడుపు నిజం. కన్నీళ్ళు నిజమే, కారణం వేరు.

"తల్లిని అతని చేతుల్లోనే పెట్టి వచ్చాం," అన్నాను.

పెద్దాయన చేతిలోదాన్ని పెట్టెలో వేసి మూత బిగించి, కారులోని మందునీళ్ళతో చేతులు కడుక్కున్నాడు. వెనక సీటు కింద నుంచి క్యారేజీ తీశాడు. రెండు గిన్నెలు మిగిలి ఉన్నాయి. దాన్ని డాక్టరమ్మ ఒళ్ళో పెట్టి, అడుగు గిన్నె మూత మాత్రం ఒక వేలెడు పక్కకి జరిపాడు. నాచు కదిలింది. రెండు మీసాలు బయటికొచ్చి గాలి తడిమాయి.

"ఆయనకిచ్చిన గిన్నెలో నాచే ఉందమ్మా," అన్నాడు. "నా మాట ఎవరు నమ్ముతారని ఏమీ చెప్పలేదు. గిన్నె ఒకటి మార్చానంతే."

డాక్టరమ్మ క్యారేజీని రెండు చేతులా పొట్టకి పొదువుకుని, తల వంచి ఆయన తోలు లేచిన చేతికి కళ్ళు ఆనించింది.

ఏడుస్తున్నావిడని చూడకూడదని కాబోలు, తీర్పు గడియారం చూసుకున్నాడు. సరిగ్గా మూడు. డాక్టరమ్మని ఎక్కించుకుని, క్యారేజీతో సహా మేమంతా వాగు మలుపు దాటి పైకొచ్చేసరికి ఫోన్లకి సిగ్నలు తగిలింది. ఆవిడ ఫోన్ మోగింది. తెర మీద చిన్నడాక్టరు పేరు.

గంటదాకా మూత తియ్యొద్దన్నాం. తీసేశాడు.